వెల్ల వేసిన గోడలు

ఉగాది వస్తున్నదనగానే మన ఇండ్లలో మొదట జరిగే పని గోడలకు వెల్ల వేయుట. పోయిన యేటి పొగమరకలు, పిల్లలు బొగ్గుతో గీసిన గీతలు, పాత క్యాలెండరు మేకుచుట్టూ పట్టిన మకిలి, అన్నీ ఒక్క పూటలో మాయమవుతవి. అది మనకు శుభము. కాని ఒకరు బొమ్మ వేసుకున్న గోడకు మరొకరు వెల్ల వేయించుటవలన ఒక పేట చరిత్రయే కప్పబడిపోయిన సందర్భములు లోకములో ఉన్నవి. ఈ సంచికకు మేము ఎన్నుకున్నది అటువంటి కథ. జరిగినది అమెరికా దేశములోని చికాగో నగరములో.

అంత దూరపు కథ మనకెందుకని మన సంఘపు పెద్దలు కొందరు అడుగవచ్చును. పొట్ట చేతబట్టుకొని రైలెక్కి, తెలియని ఊరిలో అద్దె యింట దిగి, ఆ యింటి ముందే ముగ్గు పెట్టి, ఆ యింటిలోనే పిల్లల పెండ్లిండ్లు చేసి, ఇంత చేసినా ఆ గోడ తమది కాని వారి కథ ఇది. మనవారికి ఇంతకంటె వివరము చెప్పనక్కరలేదనుకుంటాము.

రైలుతోనే మొదలుపెడదాము. మా వృత్తి అది గనుక ఆ భాగము మాకు మరింత ఇష్టము కూడాను. అమెరికాలోని దక్షిణ రాష్ట్రములలో 1865లో బానిసత్వము చట్టరీత్యా పోయినది గాని, నల్లజాతివారి కష్టము పోలేదు. పత్తి చేలలో పాలికి చేసి అప్పుల్లో మునుగుట, ఓటు లేకపోవుట, రైలుపెట్టె మొదలు మంచినీళ్ల కొళాయిదాకా వేరుగా ఉండుట, ఎదురు చెప్పినవానిని గుంపుగా వచ్చి చెట్టుకు ఉరితీయుట, ఇదీ అక్కడి బ్రతుకు. మొదటి ప్రపంచయుద్ధము రాగానే ఐరోపానుండి కూలీలు రావటము నిలిచిపోయినది. చికాగోలోని మాంసపు కర్మాగారములకు, ఉక్కు కర్మాగారములకు మనుషులు కావలసివచ్చినారు. మిసిసిపీ, లూసియానా ప్రాంతములనుండి ఇల్లినాయ్ సెంట్రల్ రైలుమార్గము తిన్నగా చికాగోకు పోతుంది. ఆ రైళ్లలో అట్టపెట్టెలలో రొట్టె, వేయించిన కోడిమాంసము కట్టుకొని జనము బయలుదేరినారు. చికాగోలో 1910లో 44 వేలమంది నల్లజాతివారు ఉంటే, 1920 నాటికి లక్షా తొమ్మిది వేలు, 1930 నాటికి రెండు లక్షల ముప్పదినాలుగు వేలు, 1960 నాటికి ఎనిమిది లక్షలు దాటినారు.

వీరిని పిలిచినది ఉత్తరములు కావు, ఒక పత్రిక. రాబర్ట్ అబ్బాట్ అనే ఆయన 1905లో చికాగోలో 'డిఫెండర్' అనే పత్రిక పెట్టినాడు. దక్షిణాదిన దానిని అమ్మనిచ్చేవారు కారు, దొరికితే గుంజుకునేవారు. అప్పుడు దానిని చేరవేసినవారు పుల్మన్ కంపెనీ శయనపు పెట్టెలలో పనిచేసే నల్లజాతి పోర్టర్లు. పడకలు పరచుట, బూట్లు తుడుచుట వారి పని. ప్రయాణికులు వారి పేరు అడగక, కంపెనీ యజమాని పేరుతో 'జార్జ్' అని పిలిచేవారట. ఆ జార్జ్‌లే పత్రిక కట్టలను చాటుగా తీసుకొనిపోయి ఊరూరా చేర్చినారు. 1925లో ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వమున సంఘము పెట్టుకొని, పన్నెండేండ్లు పోరాడి, 1937లో కంపెనీచేత ఒప్పందముపై సంతకము పెట్టించినారు. రైల్వేలో పనిచేసే మాబోటివారికి ఈ సంగతి తెలిసినప్పుడు కలిగిన సంతోషము ఇంతంత కాదు.

సరే, రైలు దిగినారు. ఎక్కడ ఉండాలె? తెల్లవారి ఇండ్ల దస్తావేజులలోనే, ఈ ఇల్లు నల్లవారికి అమ్మరాదు, అద్దెకీయరాదు అని షరతు వ్రాసుకునేవారు. నగరపు దక్షిణ భాగమున సన్నని పట్టీవంటి ప్రాంతమున వీరిని కుదించినారు. ఒక్కొక్క వాటాను గదులుగా చీల్చి, గదికొక కుటుంబమును పెట్టి, తెల్లవారి పేటలకంటె ఎక్కువ అద్దె గుంజినారు. 1919 జూలైలో ఒక నల్లపిల్లవాడు సరస్సులో తెప్పమీద తేలుతూ తెల్లవారు తమదనుకున్న ఒడ్డువైపు పోయినందుకు రాళ్లు రువ్వినారు. పిల్లవాడు మునిగిపోయినాడు. ఆ తరువాత జరిగిన అల్లరులలో 38 మంది చనిపోయినారు. వారిలో 23 మంది నల్లవారు, 15 మంది తెల్లవారు. దస్తావేజు షరతులను న్యాయస్థానములు అమలు చేయరాదని అక్కడి సుప్రీంకోర్టు 1948లో చెప్పినది. అయినను 1930 దశకములో ఋణసంస్థలకొరకు తయారుచేసిన పటములలో నల్లవారి పేటలకు ఎర్రరంగు వేసి ఉండుటచేత అప్పు పుట్టదు. అప్పు పుట్టనిచోట ఇల్లు మరమ్మతు కాదు. మరమ్మతు కాని పేటను మురికిపేట అని, దానిని పడగొట్టవలెనని మరల సర్కారువారే అంటారు. ఈ చక్రము మన దేశములోనూ కొత్తది కాదు.

అటువంటి పేటలో, 43వ వీధి, లాంగ్లీ వీధి కలిసే మూలన, పాతబడిన రెండంతస్తుల ఇల్లు ఒకటి ఉండేది. 1967 వేసవిలో కొందరు నల్లజాతి చిత్రకారులు, ఛాయాచిత్రకారులు నిచ్చెనలు వేసుకొని దాని గోడనెక్కినారు. 'ఒబాసి' అనే పేరుతో వారొక సంస్థ పెట్టుకున్నారు. విలియం వాకర్, జెఫ్ డోనాల్డ్‌సన్, వాడ్స్‌వర్త్ జారెల్, బార్బరా జోన్స్ మొదలైనవారు అందులో ఉన్నారు. గోడను ఏ భాగమునకు ఏ విషయమో పంచి రూపకల్పన చేసినది సిల్వియా అబర్నాతీ అనే స్త్రీ. రాజకీయ నాయకులు ఒక భాగము, క్రీడాకారులు ఒక భాగము, సంగీతజ్ఞులు, మతపెద్దలు, కవులు, నటులు, ఈ విధముగా యాభైమందికి పైగా తమ జాతి ప్రముఖులను వేసినారు. మాల్కం ఎక్స్, డుబాయ్స్, ముష్టియుద్ధవీరుడు మహమ్మదాలీ, గాయని నీనా సిమోన్, వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్, ఆ పేటకే చెందిన కవయిత్రి గ్వెండొలిన్ బ్రూక్స్ అందులో ఉన్నారు. 1950లో పులిట్జర్ బహుమతి పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమెయే. దానికి వారు పెట్టిన పేరును మన భాషలో 'గౌరవపు గోడ' అనవచ్చును.

ఎవరి గౌరవము? వస్తుప్రదర్శనశాలలో నల్లవారి బొమ్మలుండవు. బడి పుస్తకములో ఉండవు. సినిమాలో ఉంటే వంటవాడుగానో, దొంగగానో ఉంటారు. ఆ పేట పిల్లవాడు పాల సీసాకు అంగడికి పోతూ తనవంటి ముఖములను ఇంటియెత్తున చూచినది అదే మొదటిసారి. చిత్రము వేస్తుండగా పేటవారు చుట్టూ చేరి, వీరిని వేయండి, వారిని వేయకండి అని సలహాలిచ్చేవారట. మన రామమందిరపు వీధిలో బొమ్మలకొలువు పెట్టేటప్పుడు జరిగే రభస మాకు జ్ఞప్తికి వచ్చినది. మార్టిన్ లూథర్ కింగ్ బ్రతికియున్న రోజులవి, అయినను ఆయన బొమ్మను వేయలేదు. శాంతమార్గము చాలదనే ఆవేశము ఆ యువకులలో ఉండెను. మాకది తగినది కాదనిపిస్తుంది. కాని ఆ గోడ మాది కాదు గదా.

ఇక్కడ ఒక సంగతి దాచక చెప్పవలె. ఆ గోడకు మొదటి వెల్ల వేసినవారు పరాయివారు కారు. నాయకుల భాగమును చిత్రించినవాని పని కొందరికి నచ్చక, వాకర్ ఆధ్వర్యమున దానిని తెల్లరంగుతో కప్పి, మరొకరిచేత కొత్తగా వేయించినారు. అందుతో మిత్రులలో చీలిక వచ్చి సంస్థయే విడిపోయినది. జాతి గౌరవముకొరకు వేసిన గోడమీద సాటివాని గౌరవమును నిలుపలేకపోయినారు. సంఘములు నడిపేవారికి ఇది కొత్తగా చెప్పవలసినది కాదు.

1969 నాటికే పేట పునర్నిర్మాణము పేరిట ఆ ఇల్లు కూడా పడగొట్టబడుతుందని వార్తలు వచ్చినవి. వాకర్, యూజీన్ ఈడా కలసి ఎదుటి ఇంటిమీద 'సత్యపు గోడ' అనే మరొక చిత్రము వేసినారు. ఈ కట్టడము పేట ప్రజలదని, తమదైనదానిని కాపాడుకొనుటకు దానిని తాము స్వాధీనము చేసుకుంటున్నామని అక్కడ వ్రాసి పెట్టినారు. వ్రాత వ్రాతయే, పట్టా పట్టాయే. 1971లో గౌరవపు గోడ ఇంటికి నిప్పంటుకున్నది. అటుపిమ్మట ఇల్లు నేలమట్టమైనది. నాలుగైదేండ్ల ఆయుష్షు దానిది. కాని దానిని చూచి డెట్రాయిట్ మొదలైన ఎన్నో నగరములలో పేదల పేటలలోని గోడలు మాట్లాడసాగినవి.

ఇప్పుడు అదే నగరములోని మరొక పేటకు పోదాము. దాని పేరు పిల్సెన్. చెక్ దేశమునుండి వలసవచ్చినవారు తమ దేశములోని ప్ల్జెన్ పట్టణపు పేరును తమ పేటకు పెట్టుకున్నారు. 1892లో ప్రాగ్ నగరపు సంగీత నాటకశాలను తలపించేటట్లు థాలియా హాలు అనే భవనము కట్టుకున్నారు. వలసపోయినవాడు పేరును మూటగట్టుకొని పోతాడు. ముంబైలో కామాఠీలు ఉన్నచోటు కామాఠిపురా అయినట్లే ఇదీను. రెండు మూడు తరములకు చెక్‌ల పిల్లలు బాగుపడి శివారులకు తరలినారు. అదే కాలమున ఇల్లినాయ్ విశ్వవిద్యాలయము వారి చికాగో కళాశాల కట్టుటకని సమీపముననున్న పాత పేటను పడగొట్టినారు. అక్కడి ఇటలీవారు, గ్రీకులు, మెక్సికన్లు చెల్లాచెదరైనారు. ఫ్లోరెన్స్ స్కాలా అనే ఇటాలియన్ గృహిణి న్యాయస్థానముదాకా పోయి పోరాడినది గాని ఫలితము లేకపోయినది. 1965లో కళాశాల తెరిచినారు. ఇండ్లు పోయిన మెక్సికన్లలో ఎందరో పిల్సెన్‌లో అద్దెకు దిగినారు. నేడు ఆ విశ్వవిద్యాలయములో మన తెలుగు పిల్లలు కూడా చదువుకుంటున్నారు. ఆ తరగతి గదుల క్రింద ఎవరి వంటిండ్లుండెనో వారికెవరూ చెప్పియుండరు.

మెక్సికన్లకు గోడచిత్రము వారసత్వముగా వచ్చిన విద్య. 1910లో మొదలైన వారి విప్లవము తరువాత రివేరా, ఒరోస్కో, సికీరోస్ అనే మువ్వురు మహాచిత్రకారులు ప్రభుత్వ భవనములనిండా చరిత్రను చిత్రించినారు. వెల్ల కథలో సికీరోస్ పేరు ప్రత్యేకముగా చెప్పవలె. 1932లో లాస్ ఏంజెలెస్ నగరములో ఒక మేడగోడమీద అందమైన ఉష్ణదేశపు తోటను వేయమని ఆయనను కోరితే, ఆయన శిలువకు కట్టబడిన ఆదివాసి కూలీని వేసినాడు, పైన అమెరికా గద్ద. అనతికాలములోనే దానిమీద వెల్ల పడినది. ముప్పదియేండ్లు ఎండకు, వానకు వెల్ల పలుచబడి, శిలువ, దానిమీది మనిషి మెల్లమెల్లగా మరల కనిపించసాగినారు. చివరకు దానిని శుద్ధిచేసి 2012లో ప్రజల దర్శనమునకు తెరచినారు.

పిల్సెన్‌లోని మెక్సికన్లు 1970లో ఒక పాత సేవాసదనమునకు 'కాసా అజ్‌త్లాన్' అని కొత్త పేరు పెట్టినారు. రాత్రి బడి, వైద్యము, వలసదారుల కాగితముల పని, నృత్యము, అన్నీ అక్కడే. మన సంఘ భవనములను తలచుకుంటే చాలు. రే పట్లాన్ అనే చిత్రకారుడు పేట పిల్లలను కూర్చుకొని ఆ భవనపు గోడలనిండా తమ పూర్వుల బొమ్మలు, విప్లవవీరుల బొమ్మలు, కార్మిక నాయకుల బొమ్మలు వేసినాడు. చూచినవారు ఊరకుండలేదు. పేటలో ఉన్నత పాఠశాల లేదని తల్లులు వీధికెక్కినారు, 1977లో బెనితో వారెజ్ పేరిట పాఠశాల సాధించినారు. 1987లో మెక్సికన్ చిత్రకళాశాల తెరిచినారు. వీధి వీధినా గోడలు రంగులతో నిండినవి.

రంగులు చూచి కొత్తవారు వచ్చినారు. ఇక్కడే కథ చిక్కుపడుతుంది. పేదలు బాగుచేసుకున్న పేటకు చేతిలో డబ్బున్నవారు తరలివచ్చుట, అద్దెలు, ఇంటిపన్నులు పెరుగుట, పాతవారు ఒక్కరొక్కరే మూట కట్టుట, దీనికి ఆంగ్లమున జెంట్రిఫికేషన్ అని పేరు. జర్మనీనుండి లండన్‌కు వలసవచ్చిన రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రజ్ఞురాలు 1964లో లండన్ పేటలగూర్చి వ్రాస్తూ ఈ మాటను పుట్టించినది. ఎవరూ కర్రలు పట్టుకొని వెళ్లగొట్టరు. ఇంటియజమాని వచ్చి, వచ్చే నెలనుండి ఇంత అని చెప్పి పోతాడు, అంతే. 2000 నుండి 2010 వరకు పిల్సెన్‌ను విడిచిపోయిన మెక్సికన్ మొదలైన స్పానిష్ సంతతివారు పది వేలకు పైమాటేనని లెక్క. పేటను కాపాడుటకు వేసిన బొమ్మలే, ఇది ముచ్చటైన పేట అని ఇండ్ల వ్యాపారులు చాటుకొనుటకు ప్రకటనలైనవి. చిత్రకారులు దోషులని మేమనము. ఇంటిముందు ముగ్గు బాగున్నదని అద్దె పెంచినవానిది గదా తప్పు.

ఇదంతా తెల్లవారు నల్లవారిని తరుముట అని ఒక్కమాటలో తేల్చుట కూడా సరికాదు. 43వ వీధికి తూర్పున నార్త్ కెన్‌వుడ్ ప్రాంతమున పాత ఇండ్లు కొని బాగుచేసుకున్న కొత్తవారిలో నల్లజాతి వకీళ్లు, ఉద్యోగులు ఎక్కువ. మేరీ పట్టిల్లో అనే నల్లజాతి పండితురాలు 2007లో ఆ సంగతినే ఒక గ్రంథముగా వ్రాసినది. తానుకూడ అటువంటి కొత్తవారిలో ఒకతెనని ఆమె దాచలేదు. జాతి ఒకటే అయినా, కొత్తగా వచ్చినవాడు పాతవాని వీధి అరుగు కబుర్లను, వేసవి రాత్రుల సందడిని అల్లరి అంటాడు.

కాసా అజ్‌త్లాన్ అప్పులపాలై 2013లో మూతపడినది. భవనము చేతులు మారినది. అద్దె వాటాలుగా మార్చుచున్న కొత్త యజమాని 2017 జూన్‌లో గోడలన్నిటికి బూడిదరంగు వేయించినాడు. నలభైయేండ్ల పైబడిన బొమ్మలు కొద్ది రోజులలో మాయమైనవి. పేటవారు గోడముందు గుమికూడి నిలదీసినారు. యజమాని తగ్గి, ఆ పట్లాన్‌నే పిలిపించి కొత్త చిత్రము వేయించుటకు ఒప్పుకున్నాడు. ముసలివాడైన పట్లాన్ మరల నిచ్చెనయెక్కినాడు. దీనిని గెలుపనే అనవలె. కాని ఆ బొమ్మల వెనుకనున్న రాత్రిబడి తిరిగి రాలేదు. వైద్యశాల తిరిగి రాలేదు. బయట గోడ పేటవారిది, లోపలి గది అద్దె ఈయగలిగినవారిది.

ఇంతకు కొద్దిగా ముందు వాకర్ పని ఒకటి ఇంతకంటె నిశ్శబ్దముగా పోయినది. అలబామాలో పుట్టిన ఆయన చికాగోకు వచ్చి కొంతకాలము తపాలా శాఖలో పనిచేస్తూ గోడలు చిత్రించినవాడు. నగరపు ఉత్తరమున కాబ్రిని గ్రీన్ అనే సర్కారు ఇండ్ల సముదాయము దగ్గర, ఒక చిన్న చర్చి ముఖభాగమున 1972 ప్రాంతమున 'సమస్త మానవజాతి' అనే చిత్రము వేసినాడు. వేరువేరు వర్ణముల మనుషులు నలుగురు ఒకరినొకరు కౌగిలించుకున్న బొమ్మ అది. ఆ సముదాయములో ఒకప్పుడు పదిహేను వేలమంది నివసించినారు. 1995 నుండి మొదలుపెట్టి 2011 నాటికి ఎత్తైన మేడలన్నిటిని పడగొట్టినారు. చుట్టూ ధనికుల ఇండ్లు, అంగళ్లు లేచినవి. వాకర్ కూడా 2011లోనే కన్నుమూసినాడు. భక్తులు లేని చర్చి అమ్మకమునకు వచ్చినది. 2015 డిసెంబరులో గోడకు వెల్ల పడినది. అప్పటికి ఆ బొమ్మకొరకు గోలచేయుటకు పేటలో పాతవారు చాలినంత మిగులలేదు.

చట్టము లేదా అంటే, ఉన్నది. గుర్తింపు పొందిన చిత్రమును యజమాని ఇష్టానుసారము చెరపరాదని 1990లో ఒక శాసనము చేసినారు. న్యూయార్కులో 'ఫైవ్ పాయింట్జ్' అనే పాత కర్మాగారపు గోడలమీది బొమ్మలకు 2013 నవంబరులో రాత్రికి రాత్రి వెల్ల వేసినందుకు, 21 మంది చిత్రకారులకు 67 లక్షల డాలర్లకు పైగా చెల్లించుమని 2018లో న్యాయాధిపతి తీర్పు చెప్పినాడు. పై న్యాయస్థానమున కూడ అది నిలిచినది. చిత్రకారునికి ధర దొరికినది. ఆ గోడముందు టీ అమ్ముకున్నవానికి, ఆ వీధిలో అద్దెకున్నవానికి ఈ చట్టములో చోటు లేదు. బొమ్మకు హక్కున్నది, బొమ్మను చూచి బ్రతికినవానికి లేదు. ఈ ఒక్క ముక్కమీద మాకు కోపమే గాని సమాధానము దొరకలేదు.

ముంబైలో రాళ్లు మోసి నగరమును కట్టిన కామాఠీల పేటను పడగొట్టి మరల కట్టే ప్రణాళికను మహారాష్ట్ర ప్రభుత్వము చేపట్టినది. మనవారు ఎందరో ఆ ఇరుకు గదులలో పుట్టిపెరిగినవారే. గదులు మంచివి కావలసినదే, అందులో సందేహము లేదు. పడగొట్టేలోపల ఆ వీధులలోని గుడి గోడలమీద, గడపలమీద, పాత నామఫలకములమీద తెలుగు అక్షరము ఎక్కడున్నా ఫోటో తీసి పెట్టవలసినదిగా అక్కడి బంధువులను ఇదివరకే ఉత్తరములో కోరినాము. ఇద్దరు పంపినారు. ఒకదానిలో అక్షరములు సగము సున్నము క్రింద ఉన్నవి.

వాకర్ గోడలలో పదిలముగా ఉన్నది ఒకటి చెప్పి ముగిస్తాము. చికాగోలో 56వ వీధిమీదుగా రైలు పోయే వంతెన క్రింద, రాతిగోడమీద, ఆయన 1977లో పిల్లల ముఖములు వేసినాడు. అన్ని రంగుల పిల్లలు, ఒకరి ముఖములో ఒకరి ముఖము కలిసిపోతూ ఉంటారు. పసితనమునకు పక్షపాతము తెలియదని ఆ చిత్రపు పేరుకు అర్థము. రంగులు వెలిసిపోతే 1993లో ఒలీవియా గూడ్, బెర్నార్డ్ విలియమ్స్ అనే ఇద్దరు చిత్రకారులు దానిని మరల బాగుచేసినారు. గోడ రైల్వేవారిది గనుక దానిని ఇండ్లక్రింద కొనేవారు లేరు. పైన ఉన్నవి అలనాటి ఇల్లినాయ్ సెంట్రల్ పట్టాలే. అట్టపెట్టెలు పట్టుకున్న జనముతో మిసిసిపీనుండి వచ్చిన రైళ్లు ఆ పట్టాలమీదుగానే వచ్చినవి. నేటికీ న్యూ ఓర్లియన్స్ బండి రోజూ పొద్దున అటే వచ్చి, రాత్రి అటే పోతుంది.